అంబాసిడర్ బ్లాక్ విప్పారా? రంగు డబ్బా కొనే ముందు ఇది చదవండి

ఇంజిన్ మొత్తం విప్పి కట్టిస్తున్నామంటే మనవాళ్ల లెక్క దాదాపు ఒకేలా ఉంటుంది: బోరింగ్‌కి (అరిగిన సిలిండర్లను కోసి పెద్దవి చేయడానికి) ఇంత, పిస్టన్ సెట్‌కి ఇంత, బేరింగులకి ఇంత, చివర్లో పైన వెండి రంగు కొట్టించి "కొత్తదానిలా ఉంది కదా" అనిపించుకోవడం. బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ ప్రధాన భాగం) కడగడానికి ఆ లెక్కలో పైసా ఉండదు, టైమూ ఉండదు. కొత్త బేరింగులు కొద్ది నెలలకే గీతలు పడి ఆయిల్ ప్రెషర్ పడిపోతే పార్టులు డూప్లికేట్ అంటారు గానీ, చాలాసార్లు ఆ గీతలు గీసింది బ్లాక్ లోపల మిగిలిపోయిన హోనింగ్ (బోరింగ్ తర్వాత సిలిండర్ గోడల్ని రాళ్లతో రుద్దడం) పొడే. కాబట్టి ఇందులో బోరింగ్ గురించి తక్కువ, కడగడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఉదాహరణకి పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ తీసుకుందాం. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి సిరీస్ ఇంజిన్. ఇదే కుటుంబం నుంచి ఎంజీఏ, ఎంజీబీ స్పోర్ట్స్ కార్లకీ ఇంజిన్లు వెళ్లాయి. బోర్ (సిలిండర్ రంధ్రం వెడల్పు) 73.025 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ. బ్లాక్, హెడ్ రెండూ పోత ఇనుమే. మొండి ఇనుము కాబట్టి నేర్చుకోవడానికి దీన్ని మించిన బ్లాక్ లేదు, చాలా తప్పులు తట్టుకుంటుంది. మీ దగ్గరున్నది వేరే ఇంజిన్ అయితే ముందు ఒక అయస్కాంతం పెట్టి చూడండి. బయట గోడకి అంటుకోకపోతే అది అల్యూమినియం బ్లాక్ (మారుతి కె సిరీస్ ఇంజిన్లన్నీ అలాంటివే), అప్పుడు కింద చెప్పే కాస్టిక్ సోడా పద్ధతి మీకు పనికిరాదు, పొరపాటున కూడా ప్రయత్నించకండి. కాస్టిక్ అల్యూమినియాన్ని కరిగించేస్తుంది, పైగా హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది.

ముందుగా బ్లాక్‌ని పూర్తిగా బోడిగా చేయాలి. పూర్తిగా అంటే నిజంగా పూర్తిగా. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు), టాపెట్లు (క్యామ్ కదలికను వాల్వుల వైపు అందించే ముక్కలు) తీసేశాం కదా అని ఆగిపోతారు, అక్కడే అసలు పని మిగిలిపోతుంది. హెడ్ స్టడ్లు తీయాలి (రెండు నట్లు ఒకదానికొకటి బిగించి కింద నట్టుకి స్పానర్ వేసి తిప్పితే వస్తాయి), పక్కనున్న టాపెట్ కవర్లు, ఆయిల్ గ్యాలరీ (బ్లాక్ లోపల ఆయిల్ వెళ్లే దారి) చివరల్లో ఉండే ప్లగ్గులు, వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ) ప్లగ్గులు, నీళ్లు వదిలే ట్యాపు, అన్నీ బయటికి రావాలి. క్రాంక్‌ని పట్టి ఉంచే మెయిన్ క్యాపులకి నెంబర్లు లేకపోతే విప్పకముందే పంచ్‌తో చుక్కలు కొట్టి, ఏది ముందు వైపు అన్నది కూడా గుర్తు పెట్టుకోండి. ఒక క్యాపు తిరగేసి బిగిస్తే క్రాంక్ తిరగదు, తిరిగినా ఎక్కువ కాలం తిరగదు. పాత టాపెట్లు మళ్లీ వాడేట్టయితే ఏది ఏ రంధ్రంలోదో అట్టముక్క మీద వరసగా గుచ్చి పెట్టండి.

ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు మొండికేస్తాయి. తల అరిగిపోయేదాకా స్పానర్‌తో కుస్తీ పట్టకండి. ప్లగ్ చుట్టూ ఉన్న ఇనుమును గ్యాస్ మంటతో వేడి చేసి, కాస్త చల్లారనిచ్చి తిప్పితే చాలా వరకు వదులుతాయి. వాటర్ జాకెట్ ప్లగ్ బిళ్ల రకమైతే మధ్యలో చిన్న రంధ్రం వేసి స్క్రూ డ్రైవర్‌తో పైకి లేపాలి. గిన్నె రకమైతే ఒక అంచు మీద కొట్టి అడ్డం తిప్పి ప్లయర్‌తో లాగేయాలి. లోపలికి పడగొట్టి వదిలేసే మెకానిక్‌లు ఉన్నారు, ఆ ముక్క జాకెట్‌లోనే తుప్పు పట్టి నీళ్ల దారికి అడ్డం పడుతుంది.

ప్లగ్గులు తీశాక లోపల కనిపించేది చూసి భయపడకండి. మన దగ్గర కూలెంట్ పోసే అలవాటు ఈమధ్య వచ్చింది, ఈ కార్లు తిరిగిన రోజుల్లో బోరు నీళ్లే పోసేవాళ్లు. అందుకే జాకెట్ అడుగున, ముఖ్యంగా వెనక నాలుగో సిలిండర్ చుట్టూ, ఎర్రటి మడ్డి గట్టిపడి ఉంటుంది. నీళ్ల ట్యాపు తిప్పినా చుక్క రాకపోవడానికి కారణం అదే, చివరి సిలిండర్ ఎక్కువ వేడెక్కడానికీ అదే. గట్టి తీగ వంచి ప్లగ్ రంధ్రాల్లోంచి, పైన హెడ్ కూర్చునే ముఖం మీదున్న నీటి రంధ్రాల్లోంచి గీకుతూ ప్రెషర్ వాటర్ కొట్టాలి, మళ్లీ గీకాలి, మళ్లీ కొట్టాలి. విసుగు పుట్టే పని, కానీ దీనికి షార్ట్ కట్ లేదు. మిగిలిన పొరకి కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వేడి నీళ్లలో కలిపి జాకెట్ నింపి కొన్ని గంటలు ఉంచితే తుప్పు, తెల్లటి పొలుసు రెండూ వదులుతాయి. తర్వాత తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడగండి. రాత్రంతా ఉంచేస్తే ఇంకా బాగా పోతుంది కదా అనుకోవద్దు, ఆమ్లం తుప్పు అయిపోయాక ఇనుము మీద పడుతుంది. బాత్రూం యాసిడ్ జోలికి అసలు వెళ్లకండి, అది మెషిన్ చేసిన ముఖాలను తినేస్తుంది, ఎంత కడిగినా పక్కరోజుకి బ్లాక్ పసుపు పచ్చగా తుప్పెక్కుతుంది.

బయట జిడ్డు సంగతి. ముందు పొడిగా గీకండి. పుట్టీ కత్తి, పాత స్క్రూ డ్రైవర్, వైర్ బ్రష్ చాలు. మందంగా అంటుకున్న గ్రీజు మట్టి మీద ద్రావకం పోస్తే అది బురదై అన్ని రంధ్రాల్లోకి వెళ్తుంది. గీకాక కిరసనాయిలు, దొరక్కపోతే డీజిల్, బ్రష్‌తో రుద్ది ఓ గంట నాననిచ్చి కడగాలి. పెట్రోల్‌తో కడిగేవాళ్లను రోజూ చూస్తాం, ఒక్క నిప్పురవ్వ చాలు, షెడ్డుతో సహా పోతుంది. వద్దు.

లోపల మాడి అంటుకున్న నల్ల మడ్డికి మాత్రం కాస్టిక్ సోడా తొట్టి లాంటిది లేదు. బెజవాడ ఆటోనగర్‌లో గానీ గాజువాక ఆటోనగర్‌లో గానీ ఇంజిన్ రీకండిషనింగ్ చేసే షాపుల్లో బ్లాకులు ఉడకబెట్టే తొట్టి ఉందేమో అడగండి, వాళ్లకి ఇవ్వడమే మంచిది. ఇంట్లోనే చేయాలనుకుంటే ఇనుప డ్రమ్ము తీసుకుని, నీళ్లలో సోడా కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టకండి, పిల్లల్ని దరిదాపుల్లోకి రానివ్వకండి. ఇంకో విషయం, క్యామ్ బేరింగులు లోపలే ఉంటే వేడి కాస్టిక్ వాటి తెల్ల లోహాన్ని పాడు చేస్తుంది. తొట్టికి పంపేముందు వాటిని తీసేయించి, తర్వాత కొత్తవి వేయించాలి. "ఉండనీయండి సార్, ఏం కాదు" అని షాపువాళ్లు అన్నా ఒప్పుకోకండి.

ఇప్పుడు పగుళ్లు చూడాలి. శుభ్రంగా ఉన్నప్పుడే ఇది కుదురుతుంది. ప్రెషర్ టెస్ట్ చేసే షాపు దగ్గర్లో ఉంటే అదే ఉత్తమం. లేకపోతే పాత పద్ధతి: అనుమానం ఉన్న చోట కిరసనాయిలు పూసి కాసేపు ఆగి గుడ్డతో పొడిగా తుడిచి, సుద్ద పొడి రాయండి. పగులు ఉంటే దాంట్లో దాగిన కిరసనాయిలు బయటికి ఊరి తెల్ల సుద్ద మీద సన్నటి చార కనిపిస్తుంది. సిలిండర్ల మధ్య సన్నటి భాగాలు, స్టడ్ రంధ్రాల చుట్టూ, జాకెట్ బయటి గోడ, ఈ చోట్ల చూడండి. ఇక్కడ పగులు దొరికితే ఆ తర్వాత పెట్టే ఖర్చంతా మిగిలినట్టే, వేరే బ్లాక్ వెతుక్కోవచ్చు.

ఇక నునుపు చేయడం. ఇందులోనే ఉత్సాహం ఎక్కువై పాడు చేసుకునేది. బ్లాక్ మీద మూడు రకాల ముఖాలు ఉంటాయి: పోత పోసినప్పటి గరుకు ముఖాలు, మెషిన్ చేసిన ముఖాలు, కదిలే భాగాలు తిరిగే ముఖాలు. మీ గ్రైండర్‌కి మొదటి రకం మీద మాత్రమే హక్కుంది.

పోత ఇనుము అచ్చు రెండు భాగాలు కలిసిన చోట గీతలా ఒక అంచు లేస్తుంది, అక్కడక్కడా ఇసుక గింజలు అంటుకుపోయి ఉంటాయి, పళ్లలా పొడుచుకొచ్చిన బొడిపెలు కూడా ఉంటాయి. డై గ్రైండర్‌కి కార్బైడ్ బిట్ పెట్టి ఆ అంచుల్ని దించి, 80 నెంబర్ ఫ్లాప్ వీల్‌తో కలిపేస్తే చాలు. అద్దంలా మెరిపించాల్సిన పని లేదు, రంగు పట్టడానికి కాస్త గరుకే మంచిది. లోపల, అంటే క్రాంక్ తిరిగే గది గోడల మీదా టాపెట్ గదిలోనూ, పని అందానికి కాదు. వదులుగా ఉన్న ఇసుక, ఊడిపోయేలా ఉన్న పొలుసు ఎప్పుడో ఒకరోజు ఆయిల్‌లో పడుతుంది, దాన్ని తీసేయడమే ఉద్దేశం. పైనుంచి ఆయిల్ కిందికి దిగే రంధ్రాల నోళ్ల దగ్గర పదును అంచులుంటే గుండ్రంగా చేయండి. అంతకు మించి లోపలి గోడలు పాలిష్ చేయడం, లోపల రంగు కొట్టడం రేస్ ఇంజిన్ల వాళ్ల సరదా, మనకి అనవసరం. లోపల కొట్టిన రంగు సరిగా పట్టక ఊడితే నేరుగా ఆయిల్ పంపు జాలీలోకి వెళ్తుంది.

ఈ పనంతా బోరింగ్‌కి పంపకముందే అయిపోవాలి. గ్రైండర్ పొడి తాజాగా హోనింగ్ చేసిన బోర్‌లోకి వెళ్తే చేసిన ఖర్చంతా వృథా.

గ్రైండర్ పట్టుకున్నప్పుడు ఒక్క చోటికి మాత్రం అసలు వెళ్లకూడదు: ఇంజిన్ నెంబరు. తుప్పు పట్టి సరిగా కనపడకపోయినా అక్కడ మెత్తటి వైర్ బ్రష్, కిరసనాయిలు తప్ప ఇంకేమీ వాడకండి. ఆర్‌సీ పుస్తకంలో ఉన్న నెంబరు బ్లాక్ మీద చదవడానికి రాకపోతే రేపు ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడో అమ్మినప్పుడో ఆర్‌టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి.

డెక్, అంటే హెడ్ గ్యాస్కెట్ కూర్చునే పై ముఖం, రెండో రకం. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకడానికి పదును లేని వెడల్పాటి స్క్రేపర్ వాడండి. డ్రిల్లుకి బిగించే గరుకు డిస్కులు ఇక్కడ వద్దు. చేతిలో అవి ఎంత సమంగా తిప్పినా పల్లాలు పడతాయి, పైగా వాటి నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి బేరింగులను తినేస్తుంది. ఈ డిస్కుల గురించి జనరల్ మోటార్స్ తన డీలర్లకి ప్రత్యేకంగా సర్వీస్ బులెటిన్ కూడా ఇచ్చింది. స్టడ్ రంధ్రాల చుట్టూ వేలితో తడిమి చూడండి. ఏళ్ల తరబడి స్టడ్లు పైకి లాగి లాగి అక్కడి ఇనుము కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు వల్ల హెడ్ సరిగా కూర్చోదు, గ్యాస్కెట్ ఊరికే పోతుంది. కౌంటర్‌సింక్ బిట్‌తో రంధ్రం మూతిని కొద్దిగా ఒరిపి, పెద్ద సానరాయి నూనెలో తడిపి డెక్ మీద చదునుగా పెట్టి రుద్దితే మెరిసే చోట్లన్నీ ఎత్తుగా ఉన్నవే అని తెలుస్తుంది. తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్ నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. 0.05 మి.మీ. ఆకు దూరకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. పొడవునా 0.1 దాటితే సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాల్సిందే, చేత్తో సరిచేసే విషయం కాదు అది.

స్టడ్, బోల్టు రంధ్రాలన్నిట్లో ట్యాప్ దింపి మరలు శుభ్రం చేయండి. ఇది ఇంగ్లండ్ డిజైన్ కాబట్టి చాలా మరలు అంగుళాల లెక్కలో ఉంటాయి, మిల్లీమీటర్ ట్యాప్ దగ్గరగా ఉంది కదా అని తిప్పితే మరలు కొట్టుకుపోతాయి. పాత స్టడ్ వేలితో చివరిదాకా దిగాలి, అదే పరీక్ష. అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో నూనె, నీళ్లు మిగిలితే బోల్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడికి బ్లాక్ పగలొచ్చు, గాలి కొట్టి ఖాళీ చేయండి.

బోరింగ్ గురించి క్లుప్తంగా. పిస్టన్లు ముందు కొనండి. ట్వంటీ సైజా, థర్టీ సైజా, ఫార్టీ సైజా అన్నది బోర్ గేజ్‌తో కొలిచాక తేలుతుంది (ఇవి స్టాండర్డ్ బోర్ కంటే ఎంత పెద్దదో చెప్పే అంకెలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో, ఫార్టీ అంటే బోర్ సుమారు 74.04 మి.మీ.కి వస్తుంది), ఆ సైజు పిస్టన్ సెట్టు చేతికొచ్చాక దాంతో కలిపి బ్లాక్ షాపుకి ఇవ్వండి, ఎందుకంటే బోర్‌ని పిస్టన్‌కి తగ్గట్టు చేయాలి, డబ్బా మీద రాసిన అంకెకి కాదు. ఫార్టీ కూడా దాటిపోయిన బ్లాక్ అయితే స్లీవ్ (బోర్ లోపల బిగించే కొత్త ఇనుప గొట్టం) కొట్టిస్తే మళ్లీ స్టాండర్డ్‌కి వస్తుంది. హోనింగ్ అయ్యాక బోర్ గోడ మీద అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి సుమారు 45 డిగ్రీల కోణంలో కోసుకునే గీతలు కనపడాలి. ఆయిల్ నిలిచేది, రింగులు కూర్చునేది ఆ గీతల వల్లే. అద్దంలా మెరిసే బోర్ చూపించి "ఎంత నునుపో చూడు" అంటే ఆ షాపుకి నమస్కారం పెట్టి బ్లాక్ వెనక్కి తెచ్చుకోండి.

బ్లాక్ షాపు నుంచి వచ్చింది. కుర్రాడు "కడిగేశాం అన్నా" అంటాడు. డీజిల్ గుడ్డతో తుడిచి ఉంటాడు, అతని దృష్టిలో అది కడగడమే. హోనింగ్ రాళ్ల పొడి డీజిల్‌తో పోదు. డీజిల్ నూనెను పలచన చేస్తుంది, పొడి మాత్రం ఆ గీతల్లోనే ఉండిపోతుంది. దాన్ని పైకి లేపేది సబ్బు నీళ్లే. బకెట్ నిండా బాగా వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి నైలాన్ బ్రష్. బోర్లు ఒక్కొక్కటీ పైకీ కిందికీ తిప్పుతూ తోమండి. ఆయిల్ గ్యాలరీలకి సన్నటి పొడవాటి బ్రష్ కావాలి, సీసాలు కడిగే బ్రష్ గానీ, సైకిల్ బ్రేక్ తీగ చివర నూలు గుడ్డ గట్టిగా కట్టి గానీ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి లాగండి. పొడవాటి ప్రధాన గ్యాలరీ ఒక్కటి చేసి ఊరుకోకండి, దాన్నుంచి మెయిన్ బేరింగులకి, క్యామ్‌కి వెళ్లే అడ్డ రంధ్రాలు కూడా ఉన్నాయి, వాటిలోనే ముక్కలు ఇరుక్కుంటాయి. కడిగి, మళ్లీ తాజా నీళ్లతో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టండి.

అయిందో లేదో తెలుసుకోవడం తేలిక. తెల్లటి బనియన్ గుడ్డకి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి బోర్‌లో గట్టిగా తిప్పండి. గుడ్డ బూడిద రంగుకి వస్తే మళ్లీ మొదటి నుంచి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా అదే పని. కాటన్ వేస్ట్ ఈ దశలో వాడొద్దు, దాని పోగులు గ్యాలరీలో చిక్కుకుంటాయి.

పోత ఇనుము నీళ్లు తగిలాక నిమిషాల్లో నారింజ రంగు తుప్పెక్కుతుంది, కోస్తాలో వానాకాలమైతే మీ కళ్ల ముందే. అందుకే ఆయిల్ డబ్బా మూత తీసి పక్కన పెట్టుకునే కడగడం మొదలుపెట్టండి. గాలి కొట్టిన వెంటనే బోర్లకి, డెక్‌కి, మెయిన్ ముఖాలకి, టాపెట్ రంధ్రాలకి పలచగా ఆయిల్ రాసేయాలి. ఒక మనిషి తోడుంటే టెన్షన్ ఉండదు, ఒకరు గాలి కొడుతుంటే ఇంకొకరు ఆయిల్ రాస్తారు.

ఇప్పుడు రంగు. మెషిన్ చేసిన ముఖాలన్నీ మాస్కింగ్ టేపుతో మూయండి: డెక్, కింద సంపు (ఆయిల్ నిలిచే తొట్టి) ముఖం, టైమింగ్ కవర్ ముఖం, టాపెట్ కవర్ ముఖాలు, పెట్రోల్ పంపు కూర్చునే చోటు. రెండు ముఖాల మధ్య రంగు పొర చిక్కుకుంటే అది వేడికి నలిగి బోల్టులు వదులవుతాయి, ఆయిల్ కారుతుంది. ఇంజిన్ నెంబరు మీద కూడా టేపు వేసి, చివర్లో తీసి పలచటి కోటు ఒక్కటే వేయండి. బయటి గోడల్ని థిన్నర్ గుడ్డతో రెండుసార్లు తుడవండి, ఇందాక రాసిన ఆయిల్ చెయ్యి జారి బయటికి వచ్చి ఉంటుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. ఎండలో కాసేపు పెట్టి బ్లాక్ గోరువెచ్చగా అయ్యాక మొదలుపెడితే గుంటల్లో తేమ పోతుంది, రంగు కారదు.

ప్రైమర్‌గా ఇపాక్సీ ప్రైమర్ పలచగా ఒక కోటు. దాని మీద వేడి తట్టుకునే ఎనామెల్ రెండు మూడు పలచటి కోట్లు. బ్లాక్ బయటి గోడ మామూలుగా నీళ్ల వేడికి దగ్గర్లోనే, అంటే వంద డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 150 డిగ్రీలు తట్టుకునే రంగు సరిపోతుంది, 600 డిగ్రీల సైలెన్సర్ పెయింట్ బ్లాక్‌కి అక్కర్లేదు. ఆ సైలెన్సర్ పెయింట్ పొర గట్టిపడాలంటే చాలా వేడి కావాలి, బ్లాక్ మీద అంత వేడి రాదు, డీజిల్ గుడ్డతో తుడిస్తే ఊడొస్తుంది. అది ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కి ఉంచుకోండి. గుంటలకి బాడీ పుట్టీ పెట్టి నునుపు చేసే సరదా ఉంటే మానుకోండి, ఇనుము సాగి ముడుచుకునే చోట అది పెచ్చులుగా లేస్తుంది. ఏ రంగు అన్నది మీ ఇష్టం. వెండి రంగు మెరుస్తుంది గానీ ఆయిల్ చెమ్మ వెంటనే మరకలా కనిపిస్తుంది. నా ఓటు లేత బూడిద రంగుకి, లీకు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది, మరీ మురికిగానూ కనపడదు.

రంగు ఆరాక ప్లగ్గులు. వాటర్ జాకెట్‌కి దొరికితే ఇత్తడివి వేయండి, తుప్పు పట్టవు. కూర్చునే గాడిని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, అనబాండ్ లాంటి సీలెంట్ పలచగా రాసి, బిళ్ల రకమైతే ఉబ్బు బయటికి వచ్చేలా పెట్టి మధ్యలో మొండి పంచ్‌తో కొట్టాలి. ఉబ్బు కాస్త అణిగి అంచులు గాడిలో బిగుసుకుంటే చాలు, పూర్తిగా లోపలికి పల్లం పడేలా కొడితే మళ్లీ వదులైపోతుంది. ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులకి టెఫ్లాన్ టేపు చుట్టకండి, తెగిన పోగు నేరుగా బేరింగ్‌కి వెళ్తుంది. మరల మీద ఒక చుక్క లాకింగ్ సీలెంట్ చాలు. ఈ ప్లగ్గులన్నీ వేశాక ఒకటికి రెండుసార్లు లెక్క పెట్టండి, విప్పినప్పుడు ఎన్ని వచ్చాయో అన్నీ వెళ్లాలి. టైమింగ్ కవర్ వెనక ప్లగ్ ఒక్కటి మర్చిపోయినా ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ రాదు, మళ్లీ మొత్తం విప్పాలి.

వెంటనే కట్టకపోతే బోర్లకి ఇంకోసారి ఆయిల్ రాసి, పెద్ద ప్లాస్టిక్ కవర్ తొడిగి, నేల మీద కాకుండా చెక్క పలక మీద పెట్టండి. కవర్ మూతి బిగించి కట్టేస్తే లోపల చెమ్మ పట్టి ఆయిల్ లేని చోట తుప్పు మొదలవుతుంది, కింద కొంచెం వదులుగా ఉంచండి. కట్టే రోజు పొద్దున ఆ ఆయిల్ తుడిచి, అదే తెల్ల గుడ్డ పరీక్ష మళ్లీ ఒకసారి చేసి, అప్పుడు బేరింగుల డబ్బా తెరవండి.